ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో చేరాను, సెట్ థియరీ రాదు. అన్నీ ఆపి ముందు అదే నేర్చుకోవాలా?

తోటగరువు_22
ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్, మూడో వారం. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మార్కులకు ఎప్పుడూ లోటు లేదు. ఇంటిగ్రేషన్ ఇస్తే చేస్తాను, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఇస్తే చేస్తాను. ఇక్కడ మాత్రం క్లాసులో కూర్చుంటే తెలియని ఊళ్ళో బస్సు దిగినట్టుంది. టోపాలజీ మొదటి రోజే "ఉపసమితుల సముదాయం" అంటూ మొదలుపెట్టారు. రియల్ అనాలిసిస్‌లో "ఈ సెట్ థియరీ అంతా మీకు వచ్చిందే" అని రెండు పేజీలు దాటేశారు. నాకు రాదు. ఇంటర్లో ప్రమేయాల పాఠాన్ని మా కాలేజీలో నాలుగు రోజుల్లో తేల్చేశారు. పరీక్షలో వచ్చే లెక్కలు కొన్ని చేయించి వదిలేశారు.

నిన్న క్లాసులో ఒక సమితిని చూపించి, ఇది ఆ టోపాలజీకి చెందుతుందా, దానికి ఉపసమితి అవుతుందా అని అడిగారు. రెండూ ఒకటే కదండీ అన్నాను. ఎవరూ నవ్వలేదు గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

మిగతావన్నీ పక్కన పెట్టి రెండు నెలలు సెట్ థియరీ ఒక్కటే చదవమంటారా? ఎంతవరకు చదివితే సరిపోతుంది? నిజంగా టెన్షన్‌గా ఉంది.

జామ్_కి_తయారీ
రెండు నెలలంటే సెమిస్టర్ సగం పైనే పోతుంది బ్రో. వద్దు. క్లాసులు వదలకు.

మురీమిక్చర్
నాదీ ఇదే పరిస్థితి, ఇదే ఊరు. ఫాలో అవుతున్నా.

మద్దిలపాలెం_మాస్టారు
బాబూ, నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ముందు నిన్నటి ప్రశ్న తేల్చుకుందాం, నిద్ర పడుతుంది.

నువ్వు మీ ఇంట్లో మనిషివి. మీ ఇల్లు అంటే అందులో ఉండే మనుషుల సమితి అనుకో. ఇప్పుడు తోటగరువులో ఉన్న ఇళ్ళ జాబితా ఒకటి రాశారు. ఆ జాబితాలో ఇళ్ళున్నాయి, మనుషులు లేరు. నువ్వు మీ ఇంటికి చెందుతావు. మీ ఇల్లు జాబితాకు చెందుతుంది. నువ్వు మాత్రం ఆ జాబితాకు చెందవు. ఇక మీ ఇల్లు ఆ జాబితాకు ఉపసమితి కావాలంటే మీ ఇంట్లో వాళ్ళంతా జాబితాలో కనబడాలి. కనబడరు, అక్కడున్నవి ఇళ్ళే కదా. టోపాలజీ అలాంటి జాబితా. వివృత సమితి (ఓపెన్ సెట్) ఆ జాబితాకు చెందుతుంది. ఉపసమితి అయ్యేది అసలు స్పేస్‌కి, అంటే బిందువులన్నీ ఉన్న మూల సమితికి.

చాలా ఏళ్ళపాటు మన పదో తరగతి లెక్కల పుస్తకంలో "ప్రవచనాలు, సమితులు" అనే పాఠం ఉండేది. సత్యపట్టికలు, విపర్యయం, ప్రతివర్తితం, డీ మోర్గాన్ న్యాయాలు అన్నీ అక్కడే. చాలామంది బట్టీ పట్టేవారు, నిజమే. అయినా "అయితే" అనే చిన్న మాట లెక్కల్లో ఎంత కచ్చితంగా పనిచేస్తుందో పదిహేనేళ్ళకే ఒకసారి చెవిన పడేది. ఆ పాఠం పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సింధియా_సిగ్నల్
మాస్టారి ఉదాహరణ బాగుంది. కానీ "క్లాసులు వదలకు" అన్న సలహాతో నేను ఏకీభవించను. అరకొరగా తెలుసుకుని టోపాలజీలోకి వెళ్తే ప్రతి వారం ఇదే కథ. స్వీకృతాల నుంచి, అంటే యాక్సియమ్స్ నుంచి, క్రమంగా నేర్చుకోవాలి.

ఎందుకో చెబుతాను. "సునిర్వచిత వస్తువుల సముదాయమే సమితి" అని బడిలో చెప్పారు కదా. ఆ మాటను నమ్మి "తమకు తాము చెందని సమితులన్నింటి సమితి" అని తీసుకోండి. అది తనకు తాను చెందుతుందా? చెందితే చెందకూడదు, చెందకపోతే చెందాలి. బెర్ట్రండ్ రస్సెల్ 1901లో దీన్ని కనిపెట్టాడు. 1902 జూన్‌లో ఫ్రేగేకి ఉత్తరం రాసేసరికి, ఆయన లెక్కలకు పునాది వేస్తూ రాసిన పుస్తకం రెండో సంపుటం అచ్చులో ఉంది. ఒక్క ఉత్తరంతో ఆ పునాది కదిలిపోయింది. 1908లో జెర్మెలో స్వీకృతాలు రాశాకే ఒక దారి పడింది. ఇది తెలియకుండా సమితి అనే మాట ఎలా వాడతాం?

అనంతం_అంచున
సింధియా గారూ, మీరు చెప్పిన దారిలోనే నేను వెళ్ళాను, అందుకే వద్దంటున్నాను. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎమ్మెస్సీలో చేరే ముందు వేసవి సెలవుల్లో స్వీకృతాలతో మొదలెట్టి, సహజ సంఖ్యల నిర్మాణం, ఆర్డినల్స్ దాకా ఆరు వారాలు కూర్చున్నాను. 0 అంటే శూన్య సమితి, 1 అంటే శూన్య సమితి ఒక్కటే ఉన్న సమితి అని నేర్చుకున్నాను. చాలా అందంగా ఉంది, ఇప్పటికీ ఇష్టం. కానీ మొదటి ఇంటర్నల్‌లో "ఈ ప్రమేయం సంగ్రస్తం (ఆన్‌టు) అని చూపండి" అంటే పెన్ను కదల్లేదు. పునాది చరిత్ర తెలిసింది, పని భాష రాలేదు.

తమ్ముడూ, నీకు ఇప్పుడు కావలసింది ఆ పని భాష. చెందడానికీ ఉపసమితికీ తేడా మాస్టారు చెప్పేశారు. రెండు సమితులు సమానం అని చూపాలంటే అటు మూలకం ఇటు ఉందనీ, ఇటు మూలకం అటు ఉందనీ విడివిడిగా రాయాలి. ఇది చేతికి అలవాటు కావాలి. ఆ తర్వాత ప్రమేయాలు (ఫంక్షన్లు), వాటి ప్రతిబింబాలు, అంటే ఒక సమితిలోని మూలకాలు ప్రమేయం ద్వారా చేరే విలువలు, విలోమ ప్రతిబింబాలు. తుల్య సంబంధాలు (పరావర్తనం, సౌష్ఠవం, సంక్రమణం మూడూ ఉన్నవి) చాలా ముఖ్యం, ఆల్జీబ్రాలో కోసెట్లు, కోషెంట్ గ్రూపులు అన్నీ వాటి మీదే నిలబడతాయి. గణనీయ, అగణనీయ సమితులు, అంటే ఒకటి, రెండు, మూడు అని జాబితాగా రాయగలిగేవి, రాయలేనివి. అంతే. జోర్న్ లెమ్మా అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. రోజూ గంట చొప్పున నెల రోజులు, క్లాసులు మానకుండా.

చదవడం కాదు, రాయడం. ఈ మూడూ రాసి ఇక్కడ పెట్టు:
ఎఫ్ ఒక ప్రమేయం. ఏ, బీ అనే రెండు సమితుల ఛేదనానికి (రెండింట్లోనూ ఉన్నవాటికి) ప్రతిబింబం తీసుకున్నా, ప్రతిబింబాలు తీసుకుని ఛేదనం చేసినా ఒకటే వస్తుందా?
సౌష్ఠవం, సంక్రమణం ఉన్న సంబంధానికి పరావర్తనం (ప్రతి మూలకానికీ తనతో తనకు సంబంధం ఉండడం) దానంతట అదే వస్తుందా?
శూన్య సమితి ప్రతి సమితికీ ఉపసమితి ఎందుకు?

జామ్_కి_తయారీ
అక్కతో ఏకీభవిస్తున్నా. సీఎస్ఐఆర్ నెట్ సిలబస్‌లో కూడా అనాలిసిస్ మొదలయ్యేదే ఎలిమెంటరీ సెట్ థియరీ, ఫైనైట్, కౌంటబుల్, అన్‌కౌంటబుల్ సెట్లతో. అక్క చెప్పిన జాబితా దాదాపు అదే.

గాజువాక_కోడర్
నేను సాఫ్ట్‌వేర్ వైపు. డేటాబేస్‌లో టేబుల్ అంటే లెక్కల్లో సంబంధమే. ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్‌ను దీని మీదే కట్టాడు. జాయిన్ అర్థంకాక ఏడాది తంటాలు పడ్డాను, కార్టీజియన్ లబ్ధం గీసుకున్నాక అరగంటలో అర్థమైంది. నేర్చుకో తమ్ముడూ, ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది.

తోటగరువు_22
ఫోన్‌లో గుర్తులు రావడం లేదు, మాటల్లో రాస్తున్నా.

మొదటిది. రెండూ ఒకటే. వై అనేది ఎఫ్(ఏ)లోనూ, ఎఫ్(బీ)లోనూ ఉందనుకుందాం. ఎఫ్(ఏ)లో ఉంది కాబట్టి ఎఫ్(ఎక్స్) = వై అయ్యేలా ఎక్స్ అనే మూలకం ఏలో ఉంది. ఎఫ్(బీ)లో ఉంది కాబట్టి ఎఫ్(ఎక్స్) = వై అయ్యేలా ఎక్స్ బీలో ఉంది. కాబట్టి ఎక్స్ రెండింట్లోనూ ఉంది. కాబట్టి వై ఛేదనం ప్రతిబింబంలో ఉంది. అటువైపు సులువే.

రెండోది వస్తుందనే అనిపిస్తోంది గానీ అక్క అడిగిన తీరు చూస్తే అనుమానంగా ఉంది.

మూడోది రాలేదు. లోపల ఏమీ లేనిది ఇంకోదానికి ఉపసమితి ఎలా అవుతుంది?

అనంతం_అంచున
మొదటిదాంట్లో తప్పుంది. ఏ వాక్యంలో ఉందో నేను చెప్పను. ఎవరూ చెప్పకండి, ఒక్క రోజు ఆగండి.

మురీమిక్చర్
నాకూ రుజువు కరెక్టుగానే కనబడుతోంది. నాలుగుసార్లు చదివాను.

మద్దిలపాలెం_మాస్టారు
తప్పు చెప్పను, బస్సు మాత్రం ఎక్కిస్తాను. మన విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఒక సిటీ బస్సు బయల్దేరింది. ప్రతి ప్రయాణికుడికీ అతను దిగే స్టాపును జత చెయ్యి. ఒకరికి ఒక్కటే స్టాపు, కాబట్టి ఇది ప్రమేయం. కూర్చున్నవాళ్ళు ఏ, నిలబడ్డవాళ్ళు బీ. ఇప్పుడు నీ రుజువును ఈ బస్సులో నడిపి చూడు.

తోటగరువు_22
దొరికింది!! కూర్చున్నవాళ్ళలో ఒకరు మద్దిలపాలెంలో దిగారు. నిలబడ్డవాళ్ళలోనూ ఒకరు మద్దిలపాలెంలో దిగారు. స్టాపు ఒకటే, మనుషులు వేరు. కూర్చుని, నిలబడి కూడా ఉన్న మనిషి ఎవరూ లేరు, ఛేదనం శూన్యం. నేను ఇద్దరికీ ఎక్స్ అని ఒకే పేరు పెట్టేసి ఒకే మనిషి అనుకున్నాను. రెండోసారి వేరే అక్షరం రాసి ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి.

అనంతం_అంచున
అదే. "ఉంది" అన్న ప్రతిసారీ కొత్త పేరు పెట్టాలి. నేను దిద్దే పేపర్లలో మళ్ళీ మళ్ళీ కనబడే తప్పు ఇదే. ప్రమేయం అన్వేకం అయితే, అంటే ఒక్కో స్టాపులో ఒక్కరికి మించి దిగకపోతే, నీ రుజువు నిలబడుతుంది. ఇద్దరూ ఒకరే అని చెప్పే హక్కు అప్పుడే వస్తుంది.

ఇప్పుడు వెనక్కి రా. కొన్ని స్టాపులు తీసుకుని అక్కడ దిగేవాళ్ళు ఎవరెవరని అడుగు. అది విలోమ ప్రతిబింబం. స్టాపుల ఛేదనం తీసుకున్నా, సమ్మేళనం తీసుకున్నా, పూరకం తీసుకున్నా ఎక్కడా పేచీ రాదు, ఎందుకంటే ఒక మనిషి రెండు స్టాపుల్లో దిగడు. టోపాలజీలో అవిచ్ఛిన్నతను (కంటిన్యూటీని) "వివృత సమితి విలోమ ప్రతిబింబం వివృతం" అని చెబుతారు చూడు. అంత అడ్డంగా ఎందుకు చెబుతారా అని నాకు ఏడాదిపాటు అర్థం కాలేదు. ఈ బస్సు నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

గాజువాక_కోడర్
మూడో ప్రశ్నకు కూడా అదే బస్సు వాడుకోండి. చివరి ట్రిప్పు, బస్సు ఖాళీ. చెకింగ్ ఆయన ఎక్కాడు. "బస్సులో ఉన్నవాళ్ళందరూ టికెట్ తీసుకున్నారు" అని కండక్టర్ అన్నాడు. అబద్ధం అనాలంటే టికెట్ లేని మనిషిని ఒకణ్ణి చూపించాలి. లేడు కదా. కాబట్టి నిజమే.

తోటగరువు_22
అంటే శూన్య సమితి ఉపసమితి కాదు అనాలంటే, దాంట్లో ఉండి అవతల లేని మూలకాన్ని ఒకదాన్ని చూపించాలి. చూపించలేం. అర్థమైంది అన్నా.

రెండోదానికి కూడా ఒకటి తట్టింది. 1 కి 2 తో సంబంధం ఉంటే సౌష్ఠవంతో 2 కి 1 తో ఉంటుంది, సంక్రమణంతో 1 కి 1 తో వస్తుంది. కానీ 1 కి ఎవరితోనూ సంబంధం లేకపోతే అసలు మొదలుపెట్టడానికే ఏమీ లేదు. కాబట్టి పరావర్తనం విడిగా అడగాల్సిందే. సరేనా?

మద్దిలపాలెం_మాస్టారు
సరే కాదు, భేష్.

భీమిలి_బ్యాచ్
మధ్యలో వస్తున్నా. ఈ అన్వేకం, సంగ్రస్తం అనే మాటలు ఇక వదిలెయ్యమని నా సలహా. పరీక్ష ఇంగ్లీషులో, పుస్తకాలు ఇంగ్లీషులో. రెండు భాషలు మోస్తే బరువు రెట్టింపు. నేను తెలుగు మీడియం నుంచే వచ్చాను. తెలుగు మాటలు వదిలేశాకే బాగుపడ్డాను.

మద్దిలపాలెం_మాస్టారు
భీమిలి బాబూ, పేర్లు ఇంగ్లీషులో నేర్చుకోవాలి, కాదనను. ఆలోచన మాత్రం వచ్చిన భాషలో చెయ్యాలి. తెలుగులో ఒక సౌకర్యం చూడు. "ప్రతి తాళానికీ ఒక తాళంచెవి ఉంది." "అన్ని తాళాలకీ పట్టే తాళంచెవి ఒకటుంది." ఈ రెండూ ఒకటేనని మన ఊళ్ళో ఏ పచారీ కొట్టాయనా అనడు. మొదటిదానిలో చెవి తాళాన్ని బట్టి మారుతుంది, రెండోదానిలో మారదు. అవిచ్ఛిన్నతకూ ఏకరూప అవిచ్ఛిన్నతకూ తేడా సరిగ్గా ఇదే: డెల్టా బిందువును బట్టి మారుతుందా, అన్ని బిందువులకూ ఒకటే పనిచేస్తుందా. ఎప్సిలాన్, డెల్టా అనగానే బెదిరిపోయే పిల్లలకు ఈ రెండు తెలుగు వాక్యాలూ బోర్డు మీద రాసి చూపించేవాణ్ణి. పాతికమందిలో ఇద్దరికి వెలిగినా నాకు ఆ రోజు పండగే.

భీమిలి_బ్యాచ్
ఈ తాళాల మాట నాకు ఎవరూ చెప్పలేదు మాస్టారూ. మాటలు వదిలేయమన్నది వెనక్కి తీసుకోను గానీ, ఇది మాత్రం నోట్స్‌లో రాసుకున్నా.

మురీమిక్చర్
నా డౌట్. వాస్తవ సంఖ్యలు అగణనీయం అని క్యాంటర్ డయాగనల్ రుజువు చెప్పారు. జాబితాలో ఒకటో సంఖ్యలో ఒకటో అంకె మార్చు, రెండోదానిలో రెండోది మార్చు, అలా కొత్త సంఖ్య. కానీ 0.4999... అన్నా 0.5 అన్నా ఒకటే కదా. కొత్తగా వచ్చింది జాబితాలో ఇంకో రూపంలో ఉన్న పాత సంఖ్యే అయితే?

అనంతం_అంచున
మంచి ప్రశ్న. మార్చేటప్పుడు ఒక నియమం పెట్టుకో: ఆ స్థానంలో 5 ఉంటే 4 రాయి, లేకపోతే 5 రాయి. కొత్త సంఖ్యలో 4, 5 తప్ప ఏవీ ఉండవు. రెండు రూపాల గొడవ వచ్చేది చివరంతా 9లో, చివరంతా 0లో ఉన్నప్పుడే. కాబట్టి తప్పించుకున్నాం.

ఇంకో సంగతి. క్యాంటర్ 1874లో ఈ విషయాన్ని మొదట రుజువు చేసింది ఇలా కాదు, ఈ డయాగనల్ పద్ధతి 1891లో వచ్చింది. అది అంకెలకే పరిమితం కాదు. మీ హాస్టల్లో ప్రతి విద్యార్థీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడనుకో, హాస్టల్ వాళ్ళతోనే. తన గ్రూపులో తాను ఉండొచ్చు, ఉండకపోవచ్చు. "తన గ్రూపులో తాను లేనివాళ్ళు" అందరినీ ఒక పట్టీ రాయి. ఆ పట్టీ సరిగ్గా ఎవరి గ్రూపు? ఎవరిదీ కాలేదు. అతను పట్టీలో ఉన్నాడా అని అడిగితే రెండు వైపులా ఇరుక్కుంటావు. కాబట్టి ఏ సమితికైనా దాని ఘాత సమితి (ఉపసమితులన్నింటి సమితి) పెద్దదే, అనంతమైనా సరే.

సింధియా_సిగ్నల్
గమనించారా, అది నేను పైన చెప్పిన రస్సెల్ ప్రశ్నే! రస్సెల్ ఆ వైరుధ్యానికి చేరుకున్నది కూడా క్యాంటర్ రుజువును తరచి చూస్తూనే. అక్కడ అది సిద్ధాంతం, ఇక్కడ అది ప్రమాదం. మళ్ళీ అడుగుతున్నా, స్వీకృతాలు తెలియకుండా ఈ రెండింటికీ తేడా ఎలా చెబుతారు?

అనంతం_అంచున
చెప్పలేం, ఒప్పుకుంటున్నాను. నా గొడవ వరుస గురించే. మొదటి నెల వద్దు, రెండో సెమిస్టర్లో తప్పకుండా. అప్పటికి పాల్ హాల్మోస్ "నైవ్ సెట్ థియరీ" చదవొచ్చు. 1960 నాటి పుస్తకం, పాతిక చిన్న చిన్న అధ్యాయాలు, సుమారు వంద పేజీలు. స్వీకృతాలు వస్తాయి గానీ భయపెట్టవు. అభ్యాసాలు తక్కువ, లెక్కలు వేరే చోట నుంచి తెచ్చుకోవాలి.

మురీమిక్చర్
సహజ సంఖ్యలకూ వాస్తవ సంఖ్యలకూ మధ్యలో ఇంకో సైజు అనంతం ఉందా?

సింధియా_సిగ్నల్
లేదని క్యాంటర్ నమ్మాడు, రుజువు చేయలేకపోయాడు. 1900లో హిల్బర్ట్ తన సమస్యల పట్టీలో మొదటిదిగా పెట్టింది దీన్నే. మామూలుగా వాడే స్వీకృతాల్లో వైరుధ్యం లేనంతవరకూ, వాటితో దీన్ని తప్పని చూపలేమని గోడెల్, నిజమని కూడా చూపలేమని 1963లో పాల్ కోహెన్ రుజువు చేశారు. కోహెన్‌కి 1966లో ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. ఇది మొదటిసారి చదివిన రోజు నేను డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళకుండా రేవు దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను.

తోటగరువు_22
మూడు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను. రోజూ క్లాసయ్యాక లైబ్రరీలో గంటసేపు రాస్తున్నాను. మొన్న ఆల్జీబ్రాలో కోసెట్ల మీద గుణకారం చెబుతుంటే, "ఒకే కోసెట్‌కి వేరే ప్రతినిధిని తీసుకుంటే జవాబు మారదా సార్?" అని అడిగాను. అదే ఈ రోజు పాఠం అన్నారు సార్. నార్మల్ సబ్‌గ్రూప్ ఎందుకు కావాలో అక్కడ తెలిసింది.

ఇప్పుడు ఒక కొత్త ఇబ్బంది. గణనీయమైన సమితులు గణనీయమైనన్ని ఉంటే, వాటి సమ్మేళనం కూడా గణనీయం అన్నారు. ప్రతి సమితినీ ఒక వరుసలో జాబితాగా రాసి, మూల నుంచి మూలకు లెక్కపెట్టుకుంటూ పోవడమే. బొమ్మ అర్థమైంది. కానీ ఒక్కో సమితికి జాబితాలు చాలా ఉంటాయి కదా. మాస్టారి తాళాల్లాగే. ప్రతి తాళానికీ చెవులు బోలెడున్నాయి. ఒక్కోదానికి ఒక్కటి చొప్పున, అంతులేనన్ని తాళాలకు ఒకేసారి, ఎవరు ఎంచారు? ఏ నియమంతో? రుజువులో ఆ వాక్యం నాకు కనబడలేదు.

అనంతం_అంచున
నేను ఈ ప్రశ్న అడగడానికి రెండేళ్ళు పట్టింది.

అకరణీయ సంఖ్యల లాంటివాటికి నియమం మనమే చెప్పగలం, అక్కడ ఇబ్బంది లేదు. ఏ సమితులో తెలియనప్పుడు మాత్రం ఆ వాక్యం నిజంగానే కావాలి, పుస్తకాలు చాలాసార్లు చెప్పకుండా దాటేస్తాయి. దాని పేరు యాక్సియమ్ ఆఫ్ ఛాయిస్. సింధియా గారూ, ఇక మీదే.

సింధియా_సిగ్నల్
ఆదివారం ఉదయం ఆరున్నరకు ఆర్కే బీచ్, కాళీమాత గుడి ఎదురుగా. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. జోర్న్ లెమ్మా దాకా తీసుకెళ్తాను. మురీమిక్చర్, నువ్వూ రా. మాస్టారూ, మీరు వస్తే మాకు భాగ్యం.

మద్దిలపాలెం_మాస్టారు
మోకాళ్ళ నొప్పి, ఇసుకలోకి దిగలేను. గట్టు మీద కూర్చుంటానంటే వస్తాను.

తోటగరువు_22
అందరం గట్టు మీదే కూర్చుందాం మాస్టారూ. అప్పటిదాకా జవాబు ఇక్కడ ఎవరూ పెట్టకండి, మూడు రోజులుంది, నేను ప్రయత్నిస్తాను.